పసుపు నీళ్లకు కరిగిన క్రిస్టల్స్

తెలంగాణ వచ్చిన ఐదో ఏడు, దసరాకు ముందు రోజు. నల్లగొండలో ఒక కాలేజీ ల్యాబ్‌లో నేను అటెండర్‌ను. గాజు సామాను కడగడం, ఇన్‌క్యుబేటర్ తాళంచెవి భద్రంగా ఉంచడం నా పని. ఇన్‌క్యుబేటర్ అంటే లోపల వేడిని ఎప్పుడూ ఒకే తీరుగా ఉంచే పెట్టె. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, మెత్తగా రాయడం నాకు చేతకాదు. ఆ రోజు సంగతి మెత్తగా చెప్పేది కూడా కాదు.

భువనగిరి పిల్ల షాహీన్ మా ల్యాబ్‌లో పరిశోధన చేసేది. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ఒక ప్రొటీన్‌ను ఉప్పు నీళ్లలో కలిపి, ట్రేలో బొట్లుగా పెట్టి, పైన టేపు అంటించి, ఇన్‌క్యుబేటర్‌లో ఉంచేది. బొట్టులో నీరు మెల్లగా తగ్గుతుంటే ప్రొటీన్ పటికబెల్లం పలుకులా గడ్డకడుతుంది. అదే క్రిస్టల్.

"పైకి రాయి లెక్కుంటది గని, లోపలంత తేనెపట్టే పెద్దమ్మా. గా గదులల్ల ఫ్లోరైడ్‌ను పట్టే మందు నింపుత" అనేది.

ఫ్లోరైడ్ నీళ్లకు మా అన్న నడుము వంగిపోయింది. "జల్ది నింపు బిడ్డా" అనేదాన్ని.

ఒకటే చిక్కు. క్రిస్టల్‌ను ఒక ఘాటు మందుతో లోపల్లోపల కుట్టాలి. దాన్ని క్రాస్‌లింకింగ్ అంటారు. కుట్టేదాకా అది మామూలు నీళ్లు తగిలితే కరిగిపోతుంది. కుట్టకముందే ఒకసారి ఎక్స్‌రేతో పరీక్షించాలి. పండుగ వెళ్లగానే హైదరాబాద్‌లో ఎక్స్‌రే యంత్రం మీద షాహీన్‌కు సమయం ఇచ్చారు. అది తప్పితే ఫెలోషిప్ గడువులోగా పని తేలదు.

మా దగ్గర ఆయుధపూజకు యంత్రాలన్నిటికీ బొట్లు పెడతాం. తప్పు లేదు, నేనూ యాదగిరి నర్సన్నకు మొక్కేదాన్నే. కానీ ఆ రోజు హెడ్ సారుకు ఫొటో పిచ్చి పట్టింది. నా దగ్గర తాళంచెవి తీసుకుని ట్రే బయటికి తెచ్చాడు. టేపు మీద వెలుతురు మెరుస్తోందని టేపు కూడా పీకేశాడు.

"సారూ, అది ముట్టేది కాదు!" అన్నాను.

"నువ్వు జర జరుగు. కొబ్బరికాయ పట్టుకో" అన్నాడు.

షాహీన్ గోడకు అంటుకుని నిలబడింది. ఏమీ తెలియని పూజారి అన్నిటి మీద చల్లినట్టే ట్రే మీదా మామిడాకుతో పసుపు నీళ్లు చల్లాడు. సారు ఫొటో దిగాడు.

తర్వాత మైక్రోస్కోపులో చూస్తే ఏమీ లేదు. పసుపు మరకలే.

"నోరెందుకు తెరవలే బిడ్డా?"

"నేను వద్దంటే పూజనే వద్దన్నదంటరు, పెద్దమ్మా."

నా ఒళ్లు మండింది. అప్పుడే సారు లోపలికొచ్చి, "తాళం ఏసుకోవాలె గదా! గీ పిల్లలకు జాగ్రత్తే లేదు" అన్నాడు.

"తాళం ఏసే ఉండె సారూ. చెవి మీరే అడిగి తీసుకపోయిండ్రు. టేపు మీరే పీకిండ్రు. నా నౌకరి తీసినా గిదే చెప్త. హైదరాబాద్‌కు ఫోన్ చెయ్యుండ్రి, ఇంకో రోజు అడుగుండ్రి, మా ముంగటనే."

చేశాడు. తన తప్పని మాత్రం చెప్పలేదు. "మా దగ్గర కరెంటు పోయింది" అన్నాడు. ఆ అబద్ధం పుణ్యాన గడువులోపే ఇంకో రోజు దొరికింది. షాహీన్ మళ్లీ మొదటి నుంచి పెంచింది, పరీక్ష గట్టెక్కింది. సారు ఈ రోజుకీ ఆమెకు తప్పయిందని ఒక్క మాట చెప్పలేదు. నా కోపమూ ఈ రోజుకీ పోలేదు.

ల్యాబ్‌లో అందరి నోటికీ ఒకే ధర ఉండదని నాకు ఆ రోజు తెలిసింది. నేను అరిస్తే ముసల్ది మొండిది అంటారు, అంతే. అదే మాట షాహీన్ అంటే, పూజ వద్దన్నదని ఊరంతా తిరుగుతుంది. అందుకని అరవడం నా పనిలో కలుపుకున్నాను.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. ఇన్‌క్యుబేటర్ తలుపు బయట నేనే బొట్టు పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. సారు చెయ్యి చాపాడు.

"తాళంచెవి?"

"కొంగుకు ముడేసిన సారూ. దేవునికి తలుపు తెరిచే పని లేదు, బయట నుంచే చూస్తడు. ఫొటో మీకే కావాలె. నాతోని దిగుండ్రి."