బావ కారుకు మామ వైద్యం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు సొంత సైకిల్ కూడా లేదు గానీ, కారున్నవాడి బాధలన్నీ ఉండేవి. కారు మా బావది. సౌదీలో క్రేన్ నడిపి, ముచ్చటపడి కొనుక్కున్న తెల్ల కారును ఆర్మూర్‌లో నాకు అప్పజెప్పి, నెల తిరక్కుండానే మళ్లీ విమానం ఎక్కేశాడు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు వీడియో కాల్ చేసి, అక్క ఎలా ఉందో ఒక మాట, కారు ఎలా ఉందో పది మాటలు అడిగేవాడు. (టైర్లు కూడా చూపించమనేవాడు. చూపించేవాణ్ణి, ఏం చేస్తాను.)

అంత జాగ్రత్తగా చూసుకుంటే, రేపు ఆయన దిగుతాడనగా, పసుపు బస్తాల ఆటో ఒకటి మార్కెట్ రోడ్డులో రాసుకుంటూ పోయి డ్రైవర్ డోరు మీద పెయింట్ ఊడగొట్టింది. గోరంతే, కానీ కింద రేకు కనిపిస్తోంది. షెడ్డుకు పోతే వారం పడుతుందన్నారు. రేపు అదే కారులో శంషాబాద్ పోయి బావను తేవాలి. అక్క ఆ మచ్చ చూసి, ఆయనకు నువ్వే చెప్పుకో, నన్ను నడుమ పెట్టకు అని లోపలికి పోయింది. (సొంత అక్క!) చేసేది లేక నిజామాబాద్ పోయి చిన్న పెయింట్ సీసా తెచ్చి, గరుకు కాగితంతో రుద్ది, ఊపిరి బిగబట్టి అద్దాను. తెలుపు తెలుపులో కలిసిపోయింది. నా మీద నాకే ముచ్చటేసింది. అప్పుడే వేల్పూర్ నుంచి మా మేనమామ, అక్క కోసం కొత్త పసుపు డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆరేదాకా ఎవరూ ముట్టుకోకుండా చూడమని ఆయనకు చెప్పి, చాయ్ తాగి వచ్చేసరికి డోరు మీద అరచేయంత పసుపు ముద్ద.

"రంగు కిందికి జారుతుండె అల్లుడా. ఇంత పసుపు అద్దిన, ఆగింది," అన్నాడు మామ.

చేలో ఎవరి వేలు తెగినా ఆయన చేసే వైద్యం అదే. తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోలేదు సరికదా, ఇంకాస్త పాకింది. గిది మనిషి కాదు మామా, కారు అంటే, దేనికైతేంది, పసుపు మంచిదే గద అన్నాడు. పెద్దాయన, తిట్టలేను.

విమానాశ్రయంలో బావ పెట్టెలు కింద పెట్టి నేరుగా ఆ డోరు దగ్గరికే వచ్చాడు. దారి పొడవునా అల్లుకున్న అబద్ధాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. జరిగింది చెప్పేశాను. ఆయన వంగి గోటితో గీకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చాడు.

"మస్తు వాసనున్నది బామ్మర్దీ. గక్కడ గిది దొరకది. ఉండనియ్," అని తాళాలు తీసుకున్నాడు.

నాకు సంతోషం కాదు, ఒళ్లు మండింది. రెండు తిట్లు తిట్టినా నా కష్టానికి విలువ ఉండేది కదా! పైగా ఊరొచ్చేదాకా మామను ఒకటే మెచ్చుకున్నాడు.

ఇప్పుడు నాకూ కారుంది. గీత పడితే షోరూమ్‌లో ఇచ్చేస్తాను, జాడ లేకుండా చేసి ఇస్తారు, నేను చూడను కూడా చూడను. ఆ డోరు ముందు మోకాళ్ల మీద కూర్చుని చుక్క రంగు కోసం ఊపిరి బిగబట్టిన కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. బావ కారు మీద వాడికున్న ప్రేమ, నా కారు మీద నాకు లేదు.