కుడివైపు సీటు

విమానం నడపడం నేర్పే మాస్టారు కావాలంటే అడ్డదారులేం లేవు. కమర్షియల్ లైసెన్సు ఉండాలి, సొంతంగా ఎగిరిన గంటలు నిండాలి, కళ్లూ చెవులూ గుండే డాక్టర్లకు నచ్చాలి, రాతపరీక్ష గట్టెక్కాలి. రేపల్లె దగ్గర సముద్రం మీద వేటాడే ఇంట్లో పుట్టిన నాగలక్ష్మి ఇవన్నీ సాధించింది. మిగిలింది గాలిలో పెట్టే పరీక్ష ఒక్కటే.

ఆ పరీక్షలో ఆమె కుడివైపు సీట్లో కూర్చోవాలి. ఎడమ సీట్లో పరీక్ష పెట్టే పెద్దాయన ఏమీ రాని కొత్త పిల్లాడిలా నటిస్తూ కావాలని తప్పులు చేస్తాడు. ఆమె నోటితో చెప్పి, ఆయన సర్దుకునేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగాలి. ప్రమాదం ముంచుకొస్తేనే కంట్రోలు అందుకోవాలి.

దిగేటప్పుడు ఆయన కాస్త ముందుగా విమానం ముక్కు పైకెత్తాడు. ఇంకా ఎత్తుంది, సర్దుకునే వ్యవధి ఉంది. నాగలక్ష్మి నోటితో చెప్పకుండానే గభాలున కంట్రోలు లాగేసుకుంది. ఆ పొద్దున అలా లాక్కోవడం అది మొదటిసారి కాదు.

"నీ ఫ్లయింగ్‌కి వంక పెట్టలేనమ్మా. కానీ నువ్వు ఎదుటివాణ్ణి చిన్న తప్పు కూడా చెయ్యనివ్వవు. ఆగడం నేర్చుకుని రా" అన్నాడాయన.

రైల్లో బాపట్ల దాటేదాకా ఏడుపు దిగమింగుకుంది. తెనాలిలో బండి మారాక ఇక ఆగలేదు.

ఆమెకు బాబి అని ఒక తమ్ముడు ఉండేవాడు. మీసమైనా రాని వయసు. కొడుకు మొదటిసారి పడవను మొగలోంచి, అంటే నది సముద్రంలో కలిసేచోటు నుంచి, లోపలికి తెచ్చేటప్పుడు చుక్కాని మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదని ఆ ఇంట్లో పట్టింపు. పాడు పట్టింపు! బాబి చుక్కాని పట్టిన రోజు కెరటం అడ్డంగా కొట్టి పడవ తిరగబడింది. తండ్రి బాపయ్య ఈదుకొచ్చాడు. బాబి రాలేదు. ఒడ్డున నిలబడి అంతా చూసిన నాగలక్ష్మి, "నువ్వు చెయ్యేసుంటే బతికేవాడు కదా!" అని తండ్రి మొహం మీదే అనేసింది. ఆయన పడవ అమ్మి కూతుర్ని చదివించాడు. అన్నేళ్లలో బాబి పేరు వాళ్లిద్దరి మధ్య రాలేదు.

రేపల్లె స్టేషన్లో బాపయ్య ఆమె బ్యాగు అందుకున్నాడు.

"ఏమైందమ్మా?"

"పరీక్ష పోయింది నాన్నా. ఆగాల్సిన చోట ఆగలేకపోయాను."

"ఎందాకా ఆగమంటారు?"

"నేర్చుకునేవాడు తనంతట తనే సర్దుకునేదాకా. సర్దుకోడని తెలిసినప్పుడు అందుకోవాలి."

బాపయ్య బ్యాగు కింద పెట్టేశాడు. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తున్నా పట్టించుకోలేదు.

"సర్దుకుంటాడనే అనుకున్నాను తల్లీ" అన్నాడు. "చుక్కాని తిప్పుతున్నాడు, బాగానే తిప్పుతున్నాడు. ఇంకొక్క క్షణం చూద్దామనుకున్నాను."

నాగలక్ష్మి ఆయన చేతులు రెండూ పట్టుకుంది. తప్పు నీది కాదు అనాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆగడమే తప్పని ఆమె చేతులు ఇంకా నమ్ముతున్నాయి. పొద్దున తను ఆ ఒక్క క్షణం ఆగగలిగి ఉంటే, ఆ మాట అనగలిగేది.