వంటలు వినండి

టైరు మార్చేలోగా టీ తాగుదామని బస్సు దిగితే, నిచ్చెన మీద ఓ పిల్ల కుంచె కొరుకుతూ కనిపించింది. కుర్రకారు జరుపుకునే వేసవి సంబరానికి బ్యానరు రాసింది తనే: “పాటలు తినండి, వంటలు వినండి!”

“చదివి, నవ్వుకుని పోతున్నారు తాతా! ఒక్కరూ లోపలికి రావట్లేదు,” అంది నాతో.

“చెరిపి తిరగరాయవే, తింగరిదానా!” బుట్టలు అల్లుతున్న స్నేహితురాలు కింద నుంచి అరిచింది.

పిల్ల కుంచె కొరకడం ఆపింది. చరచరా దిగి, పాటగాడి చేతిలోని మైకు లాక్కుని, ఉల్లిపాయలు వేగుతున్న మూకుడు దగ్గర పెట్టింది. చుయ్‌మన్న మోతకి వీధి వీధంతా నోరూరి వెనక్కి పరుగెత్తుకొచ్చింది!

“మరి పాటలెలా తినాలే అమ్మడూ?” అన్నాను, నవ్వాపుకోలేక.

పిల్ల కళ్లు మెరిశాయి. టీ బల్ల మీద నా పక్కనున్న పంచదార డబ్బా చంకన పెట్టుకుని, పల్లవిని పాకంతో అక్షరాలుగా పోయడానికి పొయ్యి వైపు నడిచింది.