తప్పులతోనే పంపండి

మదీనాగూడలోని ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా నేను చేరింది కరోనా తగ్గి తరగతులు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, జూన్ నెలలో. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. పిల్లల పుస్తకాలకు పాఠాలు రాసే పనిలో ఉన్నాను. ఆ బడి రోజుల్లోంచి ఒక్క సంగతి చెప్పమంటే మొదటి ఏడాది ఏడో తరగతి వ్యాకరణం గురించే చెబుతాను.

ఆ ఏడాది టైంటేబుల్లోకి కోడింగ్ క్లాసు వచ్చింది. దానికి చోటివ్వడానికి తెలుగు పీరియడ్లు తగ్గించారు. పాఠాలు, పద్యాలు తరగతిలో చెప్పాలి, వ్యాకరణం మాత్రం పిల్లలు ఇంటి దగ్గర సొంతంగా నేర్చుకోవాలి అన్నది యాజమాన్యం నిర్ణయం. ఆ ఇంటి చదువుకు అభ్యాసపత్రాలు తయారు చేయడానికే నన్ను ఏడాది ఒప్పందం మీద తీసుకున్నారు. మా కోఆర్డినేటర్, అంటే ప్రిన్సిపల్‌కూ టీచర్లకూ మధ్య ఉండే అధికారి, పద్మజ మేడం. చేరిన రోజే ఆవిడ విషయం తేల్చి చెప్పారు. అర్ధ సంవత్సర పరీక్షలో మార్కులు పడిపోతే ఈ పద్ధతి ఆపేసి, పిల్లల్ని బయటి ట్యూషన్ సంస్థకు అప్పగిస్తారు. నా ఉద్యోగమూ అక్కడితో సరి.

పని ఇలా ఉండేది. శుక్రవారం ఒక పత్రం ఇస్తాను. అందులో ముందు ఉదాహరణలు, వాటిని చూసి పిల్లలే సూత్రం పట్టుకునేలా కొన్ని ప్రశ్నలు, ఆ తర్వాతే సూత్రం, చివర అభ్యాసం. సూత్రం ముందే చెబితే బట్టీ పడతారు. సోమవారం పత్రాలు తిరిగి తీసుకుని, తప్పులు ఎక్కడ గుమిగూడాయో చూసి, తర్వాతి పత్రం రాస్తాను. ఇంటి చదువులో టీచరుకు పిల్లల ముఖం కనబడదు. వాళ్ల తప్పులే వాళ్ల ముఖం.

మొదటి నెలలో ఆ ముఖం కనబడనే లేదు. సంధులు, విభక్తులు అన్నీ ఒప్పులే. పద్మజ మేడం మెచ్చుకున్నారు. తర్వాత తరగతిలో స్లిప్ టెస్ట్ పెడితే సగం కాగితాలు ఖాళీగా వచ్చాయి. ఇంటి దగ్గర పూర్తి మార్కులు తెచ్చుకునే హారిక అయితే పేరు, సెక్షను రాసి ఊరుకుంది. విరామంలో పక్కకు పిలిచి అడిగాను. తలొంచుకుని చెప్పింది.

"నేను రాసింది మా డాడీ రివ్యూ చేస్తరు మేడం. కామెంట్స్ అన్నీ క్లోజ్ అయినంకనే సబ్మిట్ చెయ్యాలె."

మిగతా పిల్లల్నీ అడిగితే దాదాపు అందరి ఇళ్లలో అదే తంతు. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది రాయదుర్గం, కోకాపేట సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసేవారు. అక్కడ ఎవరు చేసిన పనైనా రెండో మనిషి చూసి సరేనంటేనే ముందుకు వెళ్తుంది. ఆ అలవాటే ఇంటికి వచ్చింది. దాంట్లో మోసమేమీ లేదు. తప్పు చూపించి, పిల్లల చేతే చెరిపించి, ఒప్పు రాయించేవారు. ఒక అపార్ట్‌మెంటులోనైతే తండ్రులు వంతులు కూడా వేసుకున్నారట. నేను వారం వారం దిద్దుతున్నది పెద్దవాళ్ల వ్యాకరణం.

ఈ సంగతి పద్మజ మేడంకు చెబితే, తల్లిదండ్రుల సమావేశంలో మీరే మాట్లాడండి అన్నారు. నలుగురిలో నోరు విప్పడం నాకు అలవాటు లేదు. చెప్పవలసింది డైరీలో రాసుకుని, చదివి చదివి వెళ్లాను. తీరా చెప్పగలిగింది ఒక్క మాటే: ఇకనుంచి పత్రాలు తప్పులతోనే పంపండి.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. హారిక తండ్రి శ్రీనివాస్ గారు లేచారు.

"మా ఆఫీసుల ఇంకొకరు చూడంది ఏదీ బయటికి పోదు మేడం. పిల్ల తప్పులు రాస్తుంటె చూసుకుంట కూసోవాల్నా?"

నేను డైరీలో పేజీ వెతుక్కుంటున్నాను. వెనక వరుసలో అదే తరగతి సహస్ర వాళ్లమ్మ ఉన్నారు. కాకినాడ మనిషి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో, అంటే ప్రోగ్రాముల్లో బగ్గులనే తప్పులు పట్టుకునే పనిలో ఉన్నారు. ఆవిడ కూర్చున్నచోటి నుంచే అందుకున్నారు.

"బగ్గులన్నీ మీరే తీసేసి పంపితే ఇంక టెస్టరుకి జీతం దేనికండీ? ఇక్కడ టెస్టరు మేడంగారు."

హాలంతా నవ్వింది. శ్రీనివాస్ గారూ నవ్వారు. ఆ సందులో నేను కొత్త పద్ధతి చెప్పేశాను. పిల్ల నీలం పెన్నుతో రాయాలి, చెరపకూడదు. తర్వాత పత్రంతో పాటు నేను పంపే జవాబుల కవరు తానే విప్పి, ఆకుపచ్చ పెన్నుతో తానే దిద్దుకుని, ఎందుకు తప్పో ఒక వాక్యం రాయాలి. మార్కులు ఆ వాక్యానికే. అసలు తప్పే లేని పత్రం వస్తే పిల్లను పిలిచి నోటితో చెప్పించుకుంటాను. పెద్దవాళ్ల పని ఒకటే, పిల్ల చెప్పే కారణం వినడం.

"నాకు సమజ్ కాకపోతె?" అని శ్రీనివాస్ గారు మళ్లీ అడిగారు.

"అయ్యేదాకా హారికనే చెప్పమనండి సార్" అన్నాను. ఈసారి డైరీ చూడలేదు.

తర్వాతి సోమవారం పత్రాల నిండా ఆకుపచ్చ కొట్టివేతలే. చూసేవాళ్లకు ఘోరం, నాకు పండగ. సంధి విడదీయగలిగిన పిల్లల్లో చాలామందికి కలపడం రాదని అప్పుడే తెలిసింది. తర్వాతి పత్రం దాని కోసమే రాశాను. వారాలు గడిచేకొద్దీ ఆకుపచ్చ తగ్గింది. ఈసారి తగ్గడం నిజం.

అర్ధ సంవత్సర పరీక్షకు ప్రశ్నలు తయారు చేసేదీ, పేపర్లు దిద్దేదీ మా బడికే ఉన్న వేరే బ్రాంచీల టీచర్లు. ఫలితాలు వచ్చిన రోజు పద్మజ మేడం స్టాఫ్‌రూములో నిలబడి చదివారు. ఏడో తరగతి వ్యాకరణంలో అన్ని బ్రాంచీల మీదా మాదే మొదటి స్థానం. మీ పిల్లలు కొట్టేసిన జవాబు పక్కన కారణం కూడా రాస్తున్నారు, దానికి మార్కుల్లేవని చెప్పండమ్మా అని దిద్దిన టీచరు ఫోన్‌లో నవ్వారట. హారిక పేపరులోనూ అలాంటి కారణాలున్నాయి. అన్నీ సరైనవే.

ట్యూషన్ సంస్థ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నన్ను పర్మనెంటు చేసి, ఆరు, ఎనిమిది తరగతుల పత్రాలు కూడా అప్పగించారు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి వచ్చిన శ్రీనివాస్ గారిది మాత్రం ఫిర్యాదే.

"కాయితం నా చేతికిస్తలేదు మేడం. ఎదురుంగ కూసోబెట్టి నాకే పాఠం చెప్తుంది. నడుమల ఫోన్ ఎత్తితె ఊకుంటలేదు."

ఇంటి చదువుకు పాఠం రాసేటప్పుడు ఎదురుగా పిల్ల ఒక్కతే ఉందనుకుని రాస్తాం. ఆ ఇంట్లో ఇంకెవరి చేతులు ఆ కాగితం మీద పడతాయో తెలుసుకుని, వాళ్లకూ ఒక పని అప్పజెప్పాలి. లేకపోతే పిల్ల పనే వాళ్లు చేస్తారు.