మీగడని ఇసుకలో వదిలేసి వచ్చారు

మా చిన్నప్పుడు... స్కూలు నుంచి రాగానే, పుస్తకాల సంచి ఇంకా భుజం మీద ఉండగానే, మీగడ వచ్చి కాళ్ళకి చుట్టుకునేది. ఆ రోజు రాలేదు.

మీగడ మా పిల్లి. ఒళ్ళంతా తెలుపు, తోక ఒక్కటే నలుపు. ఆ పేరు పెట్టింది అమ్మ. భవానీపురంలో మా ఇల్లు... నాకప్పుడు పదేళ్ళు. ఆ రోజు మీగడ వసారాలో పాత కుట్టుమిషను కింద ముడుచుకుని పడుకుంది. పాలు పోస్తే వాసన చూసి మొహం తిప్పేసుకుంది. రెండో రోజుకి చెవుల లోపలంతా పచ్చబడింది... చిగుళ్ళు కూడా.

"కామెర్లలా ఉందే..." అంది అమ్మ.

మూతగంపలో పెట్టుకుని, రిక్షా ఎక్కి పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరు గంప మూత కూడా తియ్యలేదు.

"పిల్లికి వైద్యమేంటమ్మా? పోతే ఇంకోటి వస్తుంది" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

అమ్మ "ఒక్కసారి చూడండి సార్" అని రెండుసార్లు అడిగింది. గ్లూకోజు నీళ్ళు పట్టించమని చెప్పి పంపేశాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంటికొస్తే నాయనమ్మ గుమ్మంలోనే అందుకుంది. "ఇంట్లో పిల్లి చస్తే అరిష్టం. పెళ్ళి కావలసిన పిల్లాడున్నాడు."

ఆ పిల్లాడు మా బాబాయి. మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. నాన్న పేపర్లోంచి తలెత్తలేదు. ఆయన మీద నా కోపమల్లా అదే... ఏమీ అనకపోవడం.

మర్నాడు సాయంత్రం వచ్చేసరికి కుట్టుమిషను కింద ఖాళీ.

"అదే వెళ్ళిపోయిందమ్మా. చావొచ్చినప్పుడు పిల్లులు ఇంట్లో ఉండవు" అన్నాడు బాబాయి. ఎంత జాలిగా అన్నాడో! మోచేతి దాకా గోళ్ళ గీతలు... వాటి మీద పసుపు అద్దుకుని ఉన్నాడు. నాలుగడుగులు వెయ్యలేని పిల్లి తనంతట తనే వెళ్ళిపోయిందట. నేను పదేళ్ళదాన్నే గానీ వెర్రిదాన్ని కాదు.

"మీగడేదీ? ఏం చేశారు?" అంటూ పెట్టిన అన్నం కంచం తోసేశాను. మెతుకులు వసారా అంతా చిందాయి. నాయనమ్మ కొట్టడానికి చెయ్యెత్తింది.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "కొట్టకండి అత్తయ్యా. అది అడిగినదానికి జవాబు చెప్పండి."

చివరికి అమ్మే చెప్పింది... "మీ బాబాయి గోనెసంచిలో వేసుకెళ్ళి, రేవు దగ్గర ఇసుకలో వదిలేసొచ్చాడు."

"నువ్వెందుకు ఊరుకున్నావ్?" అని అరిచాను. అమ్మ మీద అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

అమ్మ చెప్పులేసుకుంది. నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. అత్తగారిని అడక్కుండా అమ్మ గడప దాటడం నేను చూడగా అదే మొదలు.

ఎండ ఇంకా తగ్గలేదు. రేవులో బట్టలు ఆరేస్తున్న ఒకామెని అడిగాం.

"పిల్లో ఏంటో తెల్దమ్మా... ఆ బోర్లించిన పడవ పక్కన సంచి ఉంది. పొద్దుట్నించీ లోపల మూలుగు. భయమేసి ముట్టుకోలేదు" అంది.

సంచి మూతి తాడుతో కట్టేసి ఉంది!

వదిలెయ్యడమంటే అదీ. అమ్మ ముడి విప్పబోతే రాలేదు. చివరికి పళ్ళతో లాగింది. లోపల మీగడ... కళ్ళు సగం తెరిచి, నోరు ఎండిపోయి. బతికే ఉంది.

అమ్మ కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇది ఇంట్లోనే ఉంటుంది అత్తయ్యా. చచ్చినా ఇంట్లోనే చస్తుంది." అమ్మ గొంతు పెంచలేదు. నాయనమ్మ పక్కకి జరిగింది.

తొమ్మిది రోజులు... ఇంకు ఫిల్లరుతో గ్లూకోజు నీళ్ళు, బార్లీ నీళ్ళు. తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం. మధ్యలో ఒక రోజు పాలు నాలుగు చుక్కలు నాకింది. బతికేస్తుందని నేను వీధంతా చెప్పుకొచ్చాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అమ్మ ఒళ్ళోనే పోయింది. పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన గొయ్యి నాన్న తవ్వాడు.

అరిష్టం ఏదీ రాలేదు. ఆ ఏడే బాబాయికి ఉద్యోగమూ వచ్చింది, పెళ్ళీ అయింది.

కిందటి నెల చుట్టాలింట్లో ఫంక్షన్. భోజనాల దగ్గర బాబాయి నలుగురికీ నవ్వుతూ చెబుతున్నాడు... "చిన్నప్పుడు దీని పిల్లిని మూటగట్టి పడేశానని నాతో ఏడాది మాట్లాడలేదు!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "సంచి మూతి ఎందుకు కట్టావు బాబాయ్?" అని అడిగాను.

"ఇంకా అదే పట్టుకు వేలాడుతున్నావా?" అన్నాడు.

అవును, వేలాడుతున్నాను. క్షమించమని ఒక్కరూ అడగలేదు మరి. నన్ను సరే... దాన్ని ఎవరడుగుతారు?

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర పెంపుడు జంతువుల ఆసుపత్రి ఒకటి చూశాను. గాజు తలుపుల వెనక ఒక పెద్దాయన పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, టోకెను పట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఆయన్ని చూసి నవ్వడం లేదు. ఎంత సంతోషమేసిందో! వెంటనే కోపమూ వచ్చింది... ఆ పాటి మర్యాద ఆనాడు మా అమ్మకెందుకు దక్కలేదని.

మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు... నోరులేని జీవి కోసం ఇంటిల్లిపాదికీ ఎదురు నిలబడ్డ మనిషి. వాళ్ళ పేర్లు ఎవరూ ఎక్కడా రాయరు. కింద మీరు రాయండి.

మా అమ్మ పేరు సీతారత్నం.