బల్లగుద్ది చెప్పిన మాట

మీటర్ల మేస్త్రి నోట్లో ఒక మాట అరిగిపోయి ఉండేది. "మీటరు అబద్ధం చెప్పదు. చెప్పేది మనిషే." కారు తెచ్చిన ప్రతివాడికీ ఆ మాట వినిపించాకే స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకునేవాడు. పాత కార్ల డాష్‌బోర్డుల్లో చెడిపోయిన మీటర్లు బాగుచేయడంలో ఆ ఊళ్ళో అతన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. యాభై నాలుగేళ్ళు, ముక్కు చివర కళ్ళద్దాలు, చొక్కా జేబులో నాలుగు స్క్రూడ్రైవర్లు, షెడ్డు వెనక ఒక్క గది. నా వాళ్ళు అని చెప్పుకోవడానికి ఒక అక్క ఉంది. రెండు బస్సులు మారితే చేరేంత దూరంలోనే ఉంది. కానీ మేస్త్రి ఆమె గడప తొక్కి పందొమ్మిదేళ్ళయింది.

ఒక మంగళవారం పొద్దున్న పళ్ళ డాక్టరొకాయన ముదురు ఎరుపు రంగు కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఉద్యోగం మానేశాక పాత కార్లు కొనడం పట్టుకుందాయనకి. మనుషుల పళ్ళు అయిపోయాయి, ఇప్పుడు బండ్ల పళ్ళమీద పడ్డాడని మేస్త్రి లోపల నవ్వుకున్నాడు.

"రెండు ముళ్ళూ కూడబలుక్కున్నట్టు పడిపోతున్నాయండీ," అన్నాడు డాక్టరు. "ట్యాంకు నిండా కొట్టించి బయల్దేరతానా, కాసేపు గతుకుల్లో నడిచేసరికి పెట్రోలు ముల్లు సగానికొస్తుంది. దాంతోపాటే వేడి ముల్లూ దిగుతుంది. బానెట్ ఎత్తి చూస్తే ఇంజను పొగలు కక్కుతుంటుంది."

"మీటరు అబద్ధం..." అని మొదలుపెట్టి మేస్త్రి ఆగిపోయాడు. డాష్‌బోర్డు కింద ఎడమవైపు ఒక చిన్న ఇత్తడి కొక్కెం కనబడింది. డ్రైవరు చెమట తుడుచుకునే తువ్వాలు తగిలించుకోవడానికి బిగించుకున్న కొక్కెం. ఆ కొక్కెం ఎవరు బిగించారో అతనికి తెలుసు. అప్పట్లో ఈ కారు తెల్లగా ఉండేది.

దీన్ని పదిహేనేళ్ళు నడిపినవాడు మేస్త్రి బావ, అక్క మొగుడు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది అక్కయితే, వర్క్‌షాపు యజమానితో మాట్లాడి పనిలో పెట్టించింది బావ. "చేతివేళ్ళు సన్నగా ఉన్నాయి వీడికి, మీటర్ల పనికి పనికొస్తాడు," అన్నాడట. అన్నట్టే పనికొచ్చాడు. తర్వాత ఆ వేళ్ళతోనే బావ కళ్ళు పొడిచాడని అక్క అంటుంది. ఆమె అన్నదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదు.

జరిగింది ఇదీ. కారు యజమాని కుటుంబాన్ని ఎక్కించుకుని బావ ఒక పెళ్ళికి బయల్దేరాడు. కొండదారి ఎక్కుతుండగా ఇంజను వేడెక్కి పట్టేసింది. పట్టుచీరలతో, పిల్లలతో ఆ ఇంటివాళ్ళంతా మూడు గంటలు రోడ్డు పక్కన రాళ్ళమీద కూర్చున్నారు. పెళ్ళి అయిపోయింది. తాత కొన్న కారు, తండ్రి ప్రాణంలా చూసుకున్న కారు, దాని ఇంజను కాలిపోయిందని యజమాని ఒంటికాలి మీద లేచాడు. "ముల్లు చూసుకోకుండా ఎలా నడిపావు?" అని అడిగాడు.

"చూస్తూనే ఉన్నానండీ. ముల్లు మధ్యలోనే ఉంది," అన్నాడు బావ.

దాంతో మీటరును పరీక్షించమని మేస్త్రిని పిలిచారు. నెల కిందట ఆ మీటరును విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించింది మేస్త్రే. మీటరులో లోపముందని తేలితే తన పేరు గంగలో కలుస్తుంది. ఆ భయం అతనికుంది. ఉన్నట్టు ఒప్పుకోలేదు, అంతే. వేడి మీటరును కారులోంచి ఊడదీసి తన బల్ల మీద పెట్టాడు. బల్ల మీది సొంత తీగలతో కరెంటిచ్చాడు. ముల్లు ఎక్కడికి ఎక్కమంటే అక్కడికి ఎక్కింది, దిగమంటే దిగింది. యజమాని వెనకే నిలబడి చూస్తున్నాడు.

అప్పుడు బావ ఒక మాటన్నాడు. "పెట్రోలు ముల్లు కూడా దిగిందిరా ఆ రోజు. పొద్దున్నే ట్యాంకు నిండా కొట్టించాను. కొండ సగం ఎక్కేసరికి సగమే చూపించింది."

"ఇంజను కాలిపోవడానికీ పెట్రోలు ముల్లుకీ సంబంధమేంటి బావా?" అన్నాడు మేస్త్రి. యజమాని నవ్వాడు. ఆ నవ్వు మేస్త్రికి బాగుంది. ఆ ఊపులో అరచేత్తో బల్ల మీద గట్టిగా కొట్టి, "మీటరు అబద్ధం చెప్పదండీ. చెప్పేది మనిషే," అన్నాడు. ఆ మాట అతని నోట పుట్టింది ఆ రోజే. మర్నాటి నుంచి బావను పనిలోకి రావద్దన్నారు. ఆ వారమే అక్క, అప్పటిదాకా తన ఇంట్లోనే ఉంటున్న తమ్ముడి పెట్టె వీధిలో పెట్టి తలుపేసుకుంది.

ఇప్పుడు ఆ డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, నోట్లో టార్చిలైటు పట్టుకుని, మేస్త్రి తీగలు వెతుకుతున్నాడు. ఈ పనిలో మొదటి సూత్రం అతని దగ్గర ఎవరు పని నేర్చుకున్నా మొదటి రోజే చెప్పేవాడు. ఒక ముల్లు తప్పు చూపిస్తే ఆ మీటరునూ దాని తీగనూ చూడు. రెండు ముళ్ళూ కలిసి తప్పు చూపిస్తే మీటర్లను ముట్టుకోకు, ఆ రెండింటికీ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందో అక్కడ చూడు. పందొమ్మిదేళ్ళ కిందట ఈ సూత్రం అతనికి తెలియదా? తెలుసు. బావ నోటినుంచి వచ్చింది కాబట్టి వినిపించలేదు.

మీటర్ల వెనక అగ్గిపెట్టెంత రేకు డబ్బా ఒకటి ఉంటుంది. బ్యాటరీ కరెంటును కాస్త తగ్గించి, నిలకడగా రెండు మీటర్లకీ ఇచ్చేది అదే. మేస్త్రి దాన్ని ఊడదీసి వేలితో తట్టాడు. లోపల ఒక చీల వదులై కదులుతోంది. కారు కుదిపినప్పుడల్లా ఆ చీల దగ్గర కరెంటు సన్నబడుతుంది. మీటర్లు రెండూ పాపం తమకు అందినంత చూపిస్తాయి. డబ్బా పాతదే. కారుతోపాటు వచ్చినదే, ఇంజను మార్చినప్పుడు కూడా దీన్నెవరూ ముట్టుకోలేదు. ఆనాడు బల్ల గుద్దాడు నిజమే, కానీ గుద్దిన బల్ల మీద ఈ డబ్బా లేదు. ఉంటే ఆ ఒక్క దెబ్బకే నిజం బయటపడేది.

మేస్త్రి డాష్‌బోర్డు కిందనుంచి బయటికొచ్చాడు. డాక్టరుకు ఫోన్ చేసి, కారు సాయంత్రం ఇస్తానన్నాడు. రెండు మీటర్లూ, డబ్బా, ఒక చిన్న బ్యాటరీ, కొంత తీగ సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

తలుపు తీసిన అక్క జుట్టు మొత్తం నెరిసిపోయింది. గడప అవతలే నిలబెట్టి, "ఎవరు పోయారని వచ్చావు?" అంది.

"ఎవరూ పోలేదక్కా. బావకి ఒకటి చూపించాలి."

బావ మార్కెట్టు వెనక కార్ల స్టాండులో చీటీలు చించి ఇచ్చే పని చేస్తాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, తిని, చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. చొక్కా జేబులో చీటీల పుస్తకం ఉంది. "రానీ," అన్నాడు. అక్క పక్కకు తప్పుకుంది.

మేస్త్రి కారు సంగతి చెప్పాడు, కొక్కెం సంగతి చెప్పాడు. డబ్బా సంగతి చెప్పబోతుంటే బావ చెయ్యెత్తి ఆపాడు.

"అదెప్పుడో అయిపోయిందిరా. ముల్లు నేనే చూళ్ళేదు. రాసిచ్చాను కూడా."

"ఏం రాసిచ్చావు?"

జవాబు అక్క చెప్పింది, గోడవైపు చూస్తూ. "నేనే రాయించాను. ఇంజను కాల్చినవాడని రెండేళ్ళు ఎవరూ బండి ఇవ్వలేదు. తప్పయిందని రాసిస్తే ఇంకోచోట ఒక మాట చెప్తానన్నాడు యజమాని. రాయనంటే రాయనన్నాడు మీ బావ. మీటరు బాగానే ఉందని నా తమ్ముడే చెప్పాక ఇంకా ఎందుకీ మొండితనమని రోజూ ఏడ్చి సాధించాను. చివరికి రాశాడు."

"యజమాని చెప్పాడా మరి, ఆ మాట?"

"చెప్పలేదు."

"మొదట్లో అబద్ధం రాశాననే అనుకునేవాణ్ణి," అన్నాడు బావ. కోపం లేదు గొంతులో. అదే మేస్త్రికి భరించడం కష్టమైంది. "తర్వాత్తర్వాత... ఏమో. రెప్ప పడిందేమో. పిల్లలు గోల చేస్తుంటే వెనక్కి తిరిగానేమో. అందరూ అంటున్నారంటే నిజమే అయ్యుంటుంది. ముల్లు చూడలేనివాడు బండి నడపకూడదు కదా. పోయినేడు స్టాండులో ఒకాయన తాళాలిచ్చి, బండి కాస్త పక్కకి తీసి పెట్టమన్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను. వేరేవాణ్ణి పిలిచాను."

మేస్త్రి సంచి విప్పాడు. భోజనాల బల్ల మీది కంచం పక్కకు జరిపి, మీటర్లు రెండూ నిలబెట్టి, బ్యాటరీ పెట్టి, డబ్బాను మధ్యలో తీగలతో కలిపాడు. ట్యాంకు నిండుగా ఉన్నట్టూ, ఇంజను మరుగుతున్నట్టూ మీటర్లకు తీగలు బిగించాడు. ముళ్ళు మెల్లగా ఎక్కాయి. ఒకటి నిండుకు చేరింది, ఇంకోటి ఎర్ర గీత దాటింది.

"ఇప్పుడు బల్ల మీద కొట్టు బావా," అన్నాడు.

బావ పిడికిలి బిగించి, కొట్టీ కొట్టనట్టు ఒకటి వేశాడు. ఏమీ కాలేదు. రెండోసారి గట్టిగా గుద్దాడు. గ్లాసు ఎగిరి పడింది. ముళ్ళు రెండూ కలిసి దిగడం మొదలుపెట్టాయి. ఆ పాతకాలపు మీటర్లలో ముళ్ళు టక్కున పడవు, తాపీగా దిగుతాయి. ముగ్గురూ చూశారు. పెట్రోలు ముల్లు సగం దగ్గర ఆగింది. వేడి ముల్లు మధ్యలో నిలబడింది.

బావ వంగి, కళ్ళు చికిలించి, వేలు అద్దానికి ఆనించాడు. "ఇక్కడే ఉంది," అన్నాడు. "సరిగ్గా ఇక్కడే."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"బావా, తప్పు నాది. అప్పుడు నీ మాట..."

"నువ్వు నమ్మలేదు, సరే. నీ పేరు పోతుందని భయం నీకు. మీ అక్క నమ్మలేదు, సరే. ఇల్లు గడవాలి." బావ ముళ్ళమీంచి చూపు తిప్పలేదు. "నేనూ నన్ను నమ్మడం మానేశాను కదరా. దానికేం తెస్తావు సంచిలో?"

మేస్త్రి లేచి తీగలు విప్పాడు. మీటర్లు డాక్టరువి, సాయంత్రానికి బిగించి ఇవ్వాలి. రుజువు కూడా అరువు తెచ్చినదే అయినందుకు సిగ్గుపడుతూ వాటిని సంచిలో పెట్టుకున్నాడు. డబ్బా మీద చెయ్యి వేయబోతే బావ అడ్డుపెట్టాడు.

"దీని బదులు కొత్తది వేస్తావు కదా. ఇది ఉండనీ. నువ్వు వెళ్ళు. మళ్ళీ రాకు."

మేస్త్రి మెట్లు దిగుతుంటే లోపల బల్ల గుద్దిన చప్పుడు వినిపించింది. కాస్త ఆగి మళ్ళీ. ఇంకోసారి. సంచిలో మీటర్లు రెండూ ఒకదానికొకటి తగులుతుంటే చేత్తో నొక్కిపట్టుకుని అతను బస్సు స్టాపు దాకా నడిచాడు. ఆ బల్ల మీద ఇప్పుడు డబ్బా ఒక్కటే ఉంది, దిగి చూపించడానికి ముల్లే లేదు.