అత్త అడుగుతూ తిరిగిన ఊళ్లు

పదిహేను రోజుల కింద మా మేనత్త తాండూరులో కన్నుమూసింది. ఆరేళ్లు రొమ్ము క్యాన్సర్‌తో వేగిన మనిషి. అయినా నాకు రోగిలా గుర్తురాదు. ఎవరినో ఆపి ఏదో అడుగుతున్నట్టే గుర్తొస్తుంది.

ధారూర్ దగ్గర గొర్రెలు కాసే ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు మా తాత వెంట మంద తోలుకుపోయేదట. ఏ పిల్ల ఏ గొర్రెదో, ఏ పొట్టేలుదో చూడగానే చెప్పేదట. చదువు ఐదో తరగతితో ఆగింది.

రోగం బయటపడ్డప్పుడు హైదరాబాద్‌లో డాక్టరమ్మ, "మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉండెనా?" అని అడిగింది. అత్తకు తెలియదు. మా ఇళ్లలో ఆ రోగం పేరెత్తరు, "నొప్పులతోని పోయింది" అనేస్తారు. తెలియకపోవడం ఆమెను కుదురుగా ఉండనీయలేదు. కాస్త ఓపిక వస్తే చాలు, నన్ను వెంటబెట్టుకుని చుట్టాల ఇళ్లకు బయలుదేరేది. ఆమె అడిగేది, నేను రాసుకునేదాన్ని.

నవాబుపేటలో మా తాత అక్కకు కోడలైన ముసలమ్మ మొదట కసిరింది. "సచ్చినోళ్ల ముచ్చట ఇప్పుడెందుకే?"

"బతికున్నోళ్ల కోసమే అక్కా," అంది అత్త.

కాసేపటికి ముసలమ్మ, తన అత్తగారు రొమ్ములో గడ్డను ఏడాదిపాటు కొంగు చాటున దాచిన సంగతి చెప్పింది.

అది విని డాక్టరమ్మ రక్త పరీక్ష చేయించింది. కణాల్లో పాడైనదాన్ని బాగుచేసే ఒక జన్యువు అత్తలో పుట్టుకతోనే దెబ్బతిని ఉందని తేలింది. తోబుట్టువులూ చూపించుకోవాలన్నారు. మా నాన్న నవ్వాడు.

"ఆడోళ్ల రోగానికి నాకెందుకక్కా పరీక్ష?"

"పిల్లకు మచ్చ తల్లికెల్లే వస్తదా తమ్మీ? పొట్టేలుకెల్లి రాదా? నీకు ఇద్దరు బిడ్డలున్నరు."

మరుసటి వారం నాన్న వెళ్లి రక్తం ఇచ్చాడు. ఆయనలోనూ ఆ లోపం ఉంది. తర్వాత మా అక్కచెల్లెళ్లం ఇచ్చాం. చెల్లెకు లేదు, నాకుంది.

ఆ పరీక్ష కాగితం పట్టుకుని ఏడుస్తుంటే అత్త పక్కన కూర్చుంది. "ఉన్నదంటే రోగమొచ్చినట్టు కాదు బిడ్డా. వచ్చే భయం ఎక్కువ, నిజమే. నాకు ముందుగాల తెల్వలే. నీకు తెలిసింది, చూపించుకుంటుండు." అంతలోనే, "ఒక్క తల్లి, ఒక్క తండ్రి. చెల్లెకెందుకు రాలే, నీకెందుకొచ్చింది? అడిగినవా?"

నేను అడగలేదు. తనే డాక్టరమ్మకు ఫోన్ చేసింది. రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశమట, ఏ బిడ్డకు ఆ బిడ్డకు విడిగానట. "గట్లనా!" అని ఆ సాయంత్రం వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది.

ఇప్పుడు నేను ఏటా పరీక్షలకు వెళ్తున్నాను. వికారాబాద్‌లో ఉండే చిన్నాన్న మాత్రం ఎంత చెప్పినా రక్తం ఇవ్వలేదు.

అత్త దినాల నాడు చిన్నాన్న కూతురు వచ్చి నా పక్కన కూర్చుంది. భోజనాలయ్యాక మెల్లగా అడిగింది.

"అక్కా, ఆ పరీక్షకు రక్తం ఎంత తీస్తరు?"

"జరంతనే," అన్నాను.

ఆమె గాజులు పైకి తోసి, మోచేతి మడతలో నీలి నరాన్ని వేలితో ఒత్తి చూసుకుంటూ ఉండిపోయింది.